ఐసు ఫ్యాక్టరీలో లేచిన మిషను

బేబీరాణికి ఆ పేరు ఎవరూ పెట్టలేదు. తండ్రి నూకన్న శ్రీకాకుళం తీరం నుంచి పోర్ట్ బ్లెయిర్ వచ్చి మిన్నీ బేలో చేపలు పట్టుకుంటూ స్థిరపడ్డవాడు. కూతురు పుడితే పేరు చెప్పమని ఊళ్లో పెద్దలకు ఉత్తరం రాశాడు. ఓడ మీద వెళ్లిన ఉత్తరానికి ఓడ మీదే జవాబు రావాలి కాబట్టి నెలలు పట్టింది. ఈలోగా ఆసుపత్రి కాగితంలో 'బేబీ' అని పడిపోయింది. బడిలో చేర్చుకున్న మాస్టారికి ఆ ఒక్క మాట బోసిగా కనిపించి పక్కన 'రాణి' తగిలించాడు. ఊరినుంచి వచ్చిన అసలు పేరు ఏమిటో ఇప్పుడు నూకన్నకే గుర్తులేదు.

ఆమె ఉద్యోగమూ అలాంటిదే. పన్నెండో తరగతి తరవాత ఆరు నెలలు కంప్యూటరు నేర్చుకుని, పడవలకు లైసెన్సులిచ్చే ఒక సర్కారు ఆఫీసులో రోజుకూలీ మజ్దూరుగా చేరింది. హాజరు పట్టీలో ఆమె పని 'గడ్డి కోత' అని ఉండేది. ఆఫీసుకు మూడు వైపులా సిమెంటు, నాలుగో వైపు సముద్రం. కోయడానికి గడ్డిపోచ లేదు. ఆమె మేడ మీద గదిలో కంప్యూటరు ముందు కూర్చునేది. తనిఖీకి ఎవరైనా పెద్దాఫీసరు వస్తే మాత్రం సూపరింటెండెంటు దుర్గారావు ఆమెను కిందికి పంపి, ఎందుకైనా మంచిదని చేతికి ఒక కొడవలి ఇచ్చేవాడు.

దుర్గారావు చెడ్డవాడేం కాదు. లంబాలైన్‌లో సొంతిల్లు, అందులో కరివేపాకు చెట్టు, ఏ గొడవా లేకుండా రిటైరవ్వాలనే కోరిక, ఇవే ఆయన ఆస్తులు. కంప్యూటరంటే భయం. దాన్ని 'ఆవిడగారు' అనేవాడు.

ఆవిడగారు 1999లో వచ్చారు. లోపల లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ ఉండేది. మిషనును నిద్రలేపి, దాని చేత పని చేయించి, మళ్లీ పడుకోబెట్టే మూల సరుకు అది. దాని మీద ఇంకో ప్రోగ్రాము నడిచేది. మెయిన్‌లాండ్ నుంచి ఫోను లైను మీద వచ్చే వాతావరణం కబుర్లను అది పట్టి అచ్చు వేసేది. బేబీరాణి ఆ కాగితం తీసుకెళ్లి చేపల జెట్టీ దగ్గర బోర్డుకు అంటించేది. నూకన్న లాంటివాళ్లు దాన్ని చదివించుకుని, ఆకాశం వైపు ఒకసారి చూసి, తమకు తోచిందే చేసేవాళ్లు.

అలా అయిదేళ్లు గడిచాక ఆ ఆదివారం వచ్చింది. డిసెంబరు నెల, తెల్లవారి ఆరున్నర. ముందు భూమి ఊగింది. అందరూ బయటికి పరిగెత్తి, ఊగడం ఆగాక నవ్వుకుంటూ టీలు పెట్టుకున్నారు. కాసేపటికి సముద్రం లేచి ఇళ్లలోకి నడిచి వచ్చింది. నూకన్న పడవ మీద దూరంగా ఉన్నాడు. అక్కడ అతనికి ఏమీ తెలియలేదు. తల్లి తవిటమ్మ, బేబీరాణి, నాయనమ్మ గవరమ్మ ముగ్గురూ మెట్ట మీదికి ఎక్కేశారు. ఎక్కాక గవరమ్మకు కోళ్లు గుర్తొచ్చాయి. గంప మూసేసి వచ్చానే అంటూ, కోడలు పట్టుకుంటున్నా విదిలించుకుని దిగింది. గంప తెరిచినట్టే ఉంది. కోళ్లు నాలుగూ రేకుల కప్పు మీద దొరికాయి. గవరమ్మ మూడో రోజున దొరికింది.

ఆ రోజు మేడ మీద మిషను పనిచేస్తూనే ఉంది. కానీ పంపడానికి అవతల ఎవరి దగ్గరా కబురు లేదు. ఈ సంగతి బేబీరాణికి బాగా తెలుసు. అయినా ఆ గదిలోకి వెళ్లినప్పుడల్లా మిషను వంక కొంచెం కోపంగానే చూసేది.

తరవాతి రెండు మూడేళ్లలో ఊళ్లో రెండు కొత్త అలవాట్లు వచ్చాయి. మొదటిది ఆఫీసులో. ఏది కనిపించకపోయినా సునామీలో పోయింది అనడం. కింది అంతస్తు మునిగిన మాట నిజమే. కానీ మేడ మీద బీరువాలోని ఫైళ్లు, సునామీకి ముందే దుర్గారావు ఇంటికి చేరిన రెండు కుర్చీలు, ఒక గుమాస్తా ఎగ్గొట్టిన పన్నెండు రోజుల డ్యూటీ కూడా సునామీ ఖాతాలోకే వెళ్లాయి. రెండో అలవాటు మిన్నీ బేలో. కాస్త నేల కదిలినా, కదిలిందని ఎవరికైనా అనిపించినా, "పానీ ఆ రహా హై" అని ఒక కేక పడేది. వాడ మొత్తం వలలూ వంటలూ వదిలేసి మెట్ట ఎక్కేది. పైన పొద్దంతా కూర్చుని, ఎవరు కేక వేశారని దెబ్బలాడుకుని దిగేది. దిగేసరికి కుక్కలు వంటకాలు ముగించి ఉండేవి. నెలకు రెండుసార్లు ఇదే తంతు. నీరు వస్తోందని చెప్పేవాళ్లకు కొదవలేదు. రావడం లేదని చెప్పేవాళ్లే లేరు.

2007లో ఆ మాట చెప్పే సరుకు వచ్చింది. ఎక్కడ భూకంపం వచ్చినా ప్రమాదం ఉందో లేదో శాటిలైటు ద్వారా తెలిపే ఒక పెట్టెను మెయిన్‌లాండ్ నుంచి పంపారు. దాన్ని మేడ మీది మిషనుకు తగిలించాలి. తగిలిస్తే మిషను దాన్ని గుర్తుపట్టలేదు. గుర్తుపట్టాలంటే ఆపరేటింగ్ సిస్టమ్ కొత్తది కావాలి. దాని సోర్సు, అంటే మనుషులు రాసిన అసలు రాత, సీడీలో ఇచ్చారు. దాన్ని ఆ మిషను మీదే కంపైల్ చేసుకోవాలి. మనిషి రాతను మిషనుకు అరిగేలా వండి పెట్టడమే కంపైల్ చేయడం. పెట్టెతో వచ్చిన కాగితంలో 'అరగంటలో పూర్తవుతుంది' అని ఉంది.

మొత్తం తుడిచి కొత్తది ఎక్కించేయొచ్చు కదా అని ఎవరికైనా అనిపిస్తుంది. కబుర్లు పట్టే ప్రోగ్రాము ఆ డిస్కులో తప్ప ఎక్కడా లేదు. దాన్ని చేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. తుడిస్తే అదీ పోతుంది.

బేబీరాణి కాగితంలో ఉన్నట్టే కొట్టింది. నాలుగు నిమిషాలు తెర మీద అక్షరాలు పరిగెత్తి ఆగిపోయాయి. చివర 'ఎర్రర్' అని ఉంది. మళ్లీ కొట్టింది. అక్కడే ఆగింది. మెయిన్‌లాండ్‌కు ఉత్తరాలు వెళ్లాక పూర్ణచంద్ర అనే కుర్ర ఇంజినీరు విమానంలో వచ్చాడు. మర్యాదస్తుడు. బేబీరాణిని 'మేడమ్' అన్నాడు. ఆఫీసులో ఆ మాట ఎవరి గురించో తెలియక అందరూ వెనక్కి తిరిగి చూశారు. అతను రెండు రోజులు మిషను విప్పి, మెమరీ కార్డులు మార్చి, ఊది, తుడిచి, ఉప్పుగాలికి లోపలి భాగాలు పాడయ్యాయని తేల్చాడు. మూడో రోజు రొయ్యలు తిని వెళ్లిపోయాడు.

దుర్గారావుకు ఆ మాట దేవుడు పలికించినట్టుంది. వెంటనే రిపోర్టు రాసి, చదివి వినిపించాడు. సునామీ తాకిడికి గురైన కంప్యూటరు ఇక మరమ్మతుకు పనికిరాదు, కొత్తది మంజూరు చేయాలి, అని.

"సార్, నీరు మేడ మీదికి రానేలేదు కదండీ" అంది బేబీరాణి.

"గాలి వచ్చింది కదా. సునామీ కీ హవా. రాసేశాను, ఖతం." ఆయన సంతకం పెట్టేశాడు. "నువ్వు దీని గురించి బుర్ర పాడుచేసుకోకు బేబీ. కొత్తది వస్తుంది."

కొత్తది రావడమంటే టెండరు, మళ్లీ టెండరు, ఓడ, ఎన్నేళ్లో. ఆ వారంలోనే మిన్నీ బే రెండుసార్లు మెట్టెక్కింది. రెండోసారి కంగారులో తవిటమ్మ జారిపడి మోకాలు చీరుకుంది. ఆమె కూతురితో, "మీ ఆఫీసోలు డబ్బా ఒకటి తెచ్చినారంట గదే. అది నోరిప్పదేటి?" అని అడిగింది.

మర్నాడు బేబీరాణి ఆఫీసులో ఎవరూ చేయని పని చేసింది. సీడీలో ఉన్న కాగితాలు చదివింది. పూర్ణచంద్ర చదవలేదు. పెట్టె పంపినవాళ్లూ చదివినట్టు లేదు. ఇంగ్లీషు డిక్షనరీ పక్కన పెట్టుకుని మూడు రోజులు చదివితే, సోర్సుతోపాటు వచ్చిన ఒక ఫైలు కనిపించింది. ఈ సోర్సును వండాలంటే ఏ పనిముట్టు కనీసం ఏ వెర్షన్‌ది ఉండాలో అందులో పట్టిక ఉంది. మొదటి వరసలో కంపైలరు, 3.2 ఉండాలని. తమ మిషనులో ఏది ఉందో అడిగింది. మిషను ఏమాత్రం సిగ్గుపడకుండా 2.91 అని జవాబిచ్చింది. పట్టికలో కిందికి దిగితే మిగతా సామాన్లూ అంతే. అన్నీ 1999 నాటివి. తరవాత వచ్చిన రాతలో కొత్త మాటలు ఉన్నాయి, పాత కంపైలరుకు అవి రావు. రాని మాట తగిలిన చోటల్లా బోర్లాపడుతోంది. ఉప్పుగాలి లేదు, సునామీ లేదు. మిషను దుక్కలా ఉంది. లోపలి పనిముట్లు ముసలివైపోయాయి, అంతే.

ఈ సంగతి తెలిసిన ఆ క్షణాన ఆమెకు చాలా సంతోషం వేసింది. చెప్పుకోవడానికి గదిలో ఎవరూ లేకపోవడంతో కిందికి వెళ్లి దుర్గారావుకు చెప్పింది. ఆయన ఓపిగ్గా విని, రిపోర్టు వెళ్లిపోయింది కదా అన్నాడు.

బజారులో ఫోను బూత్ నుంచి పూర్ణచంద్రకు చేసింది. పట్టిక చదివి వినిపించింది.

"వెర్షన్లు చూడనే లేదండీ" అన్నాడు అతను. "నిజం చెప్పాలంటే నేను ఇంతకుముందు ఎప్పుడూ చేయలేదు. పుస్తకంలో చదివానంతే."

"అదేం పర్వాలేదు భయ్యా. కొత్త సామాన్లు పంపించండి చాలు."

ఇంటర్నెట్‌లో దింపుకోవచ్చు అన్నాడు. పోర్ట్ బ్లెయిర్‌లో ఇంటర్నెట్ ఎలా ఉంటుందో అతనికి తెలియదు. ఒక ఫోటో తెరుచుకునేలోగా ఫోటోలో మనిషికి వయసొచ్చేది. చివరికి అన్నీ సీడీల్లోకి ఎక్కించి, విశాఖలో ఓడెక్కబోతున్న ఆమె మేనమామ అప్పలరాముడి చేతికి అందించాడు. అప్పలరాముడు వాటిని చాలా జాగ్రత్తగా తెచ్చాడు. అంటే ఆవకాయ జాడీ ఉన్న సంచీలోనే, జాడీకి ఆనించి. ఓడ ఊగిన మూడు రోజుల్లో జాడీ మూత వదులైంది. సీడీలు ఎర్రటి నూనెలో తేలుతూ దిగాయి. తవిటమ్మ వాటిని అంట్లతోపాటు సబ్బుపెట్టి తోమింది. నాలుగింట్లో మూడు తెరుచుకున్నాయి. కావలసినవి ఆ మూడింటిలోనే ఉండటం బేబీరాణి జీవితంలో జరిగిన కొద్దిపాటి న్యాయాల్లో ఒకటి.

ఇక అసలు కష్టం మొదలైంది. కొత్త కంపైలరు కూడా సోర్సుగానే వచ్చింది. అంటే దాన్నీ వండాలి. వండాల్సింది పాత కంపైలరే. ముసలాయన చేతనే ఆయన కుర్చీలో కూర్చోబోయే మనిషిని తయారు చేయించాలన్నమాట. అంతకంటే ముందు ఇంకో రెండు చిన్న సామాన్లు కొత్తవి కట్టుకోవాలి. వాటి తరవాత కంపైలరు, దాని తరవాత ఆపరేటింగ్ సిస్టమ్. చిన్నవి రెండూ ఒక్క పూటలో అయ్యాయి. కంపైలరు మాత్రం ఆ మిషను నడకకు ఏడెనిమిది గంటలు పట్టేలా ఉంది. పోర్ట్ బ్లెయిర్‌లో ఏడెనిమిది గంటలు తెగకుండా కరెంటు ఉండటం ఆ రోజుల్లో వినని మాట. మొదటి రోజు మూడో గంటలో పోయింది. రెండో రోజు ఆరో గంటలో. మూడో రోజు పావుగంట మిగిలి ఉందనగా పోయింది. బేబీరాణి తనకు వచ్చిన తిట్లన్నీ తెలుగులో తిట్టి, చాలక హిందీలోకి వెళ్లింది.

ఆమె కోసం ఆఫీసుకు వచ్చి పక్కన టీ తాగుతున్న నూకన్న అంతా విన్నాడు. "కరెంటు పోకూడదంటే ఐసు ఫేట్రీకి అట్టుకెళ్లు. ఆడి జనరేటరు ఆగితే సేపలు కుళ్లిపోతాయి గాబట్టి ఆడు ఆపడు" అన్నాడు.

జెట్టీ దగ్గర ఐసు ఫ్యాక్టరీ నడిపే కన్నారావు నూకన్నకు స్నేహితుడే. సర్కారు సామాను బయటికి తీసుకెళ్లడానికి దుర్గారావు ఒప్పుకుంటాడా అన్నదే అనుమానం. బేబీరాణి వెళ్లి అడిగింది. ఆయన రిపోర్టు కాపీ తీసి చూసుకున్నాడు. కాగితం ప్రకారం ఆ మిషను చచ్చిపోయింది. చచ్చిపోయిన మిషను ఎక్కడుంటే ఏమిటి, గదిలో చోటు కూడా కలిసొస్తుంది అని తీసుకుపొమ్మన్నాడు.

ఆవిడగారు ఆటోలో, బేబీరాణి ఒళ్లో కూర్చుని జెట్టీకి వెళ్లారు. పొద్దున్న ఆరింటికి ఐసు దిమ్మల పక్కన, ఖాళీ చేపల ట్రేలు బోర్లించి, వాటి మీద మిషను పెట్టి మొదలుపెట్టింది. చలికి కన్నారావు తన స్వెట్టరు ఇచ్చాడు. దానికి చేప వాసన, ఆమెకు అది అలవాటే. గంట గడిచింది. తెర మీద కొత్త గొడవ కనిపించింది. ఫైళ్ల మీద ఉన్న తేదీలు ఇంకా రాని కాలానివి అని మిషను ఫిర్యాదు చేస్తూ, చేసిన పనే మళ్లీ మళ్లీ చేస్తోంది.

ఇంకా రాని కాలం ఏమిటా అని తేదీ అడిగి చూసింది. 2000 జనవరి ఒకటో తారీకు అని చూపించింది. లోపల గడియారాన్ని నడిపే చిన్న బ్యాటరీ కొనఊపిరితో ఉండి, గంటా రెండు గంటల కరెంటు కోతల దాకా నెట్టుకొచ్చి, ఇప్పుడు చచ్చింది. గోడ కరెంటు తీసి ఆటోలో ఎక్కించేసరికి తేదీ వెనక్కి జారిపోయింది.

బేబీరాణి ఆ తేదీ వంక చూస్తూ ఉండిపోయింది. మిషను లెక్కలో ఇంకా ఏమీ జరగలేదు. మిన్నీ బేలో ఇళ్లు ఇళ్లలాగే ఉన్నాయి. మామ్మ పొద్దున్నే లేచి కోళ్లను తిడుతూ గంప తీస్తూ ఉంటుంది. కన్నారావు వచ్చి ఏమైంది దీదీ, మళ్లీ పోయిందా అని అడిగాడు. ఆమె స్వెట్టరు చేతితో ముక్కు తుడుచుకుని, ఏమీ లేదు, టైము తప్పు చూపిస్తోంది అంది. ఆ రోజు తేదీ, గంట, నిమిషం సరిగ్గా కొట్టింది. మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టింది.

మధ్యాహ్నం మూడున్నరకు కంపైలరు అయింది. వెర్షను ఎంత అని అడిగితే మిషను 3.2 అంది. కన్నారావుకు విషయం అర్థం కాకపోయినా అందరికీ టీ చెప్పాడు. మర్నాడు అదే చోట, అదే చేపల ట్రేల మీద ఆపరేటింగ్ సిస్టమ్ సోర్సు పెట్టింది. ఇన్నాళ్లుగా ఆగిపోతున్న చోటు నాలుగో నిమిషంలో వచ్చింది, దాటింది. పట్టికలో ఉన్న చివరి సామాను మర్చిపోవడంతో ఒకసారి మళ్లీ ఆగింది. అది బేబీరాణి తప్పే. దాన్నీ కట్టి పెట్టాక సాయంత్రానికి పూర్తయింది. మిషను ఆపి లేపితే కొత్త సిస్టమ్‌తో లేచింది. ఆఫీసుకు తెచ్చి తగిలిస్తే శాటిలైటు పెట్టెను చూసి గుర్తుపట్టింది. పాత ప్రోగ్రాము దాని మీదే బుద్ధిగా నడిచింది.

ఇదంతా దుర్గారావుకు చెబితే ఆయన ముఖం పాలిపోయింది. మిషను బాగైందంటే రిపోర్టు తప్పవుతుంది. ఎవరికీ చెప్పవద్దన్నాడు. అలా కాగితం మీద చచ్చిన మిషను మేడ మీద దొంగచాటుగా బతకసాగింది.

నెల తిరక్కుండా ఒక సాయంత్రం నాలుగున్నరకు నేల గట్టిగా ఊగింది. ఆఫీసు అర నిమిషంలో ఖాళీ అయింది. కిటికీలోంచి చూస్తే మిన్నీ బే వైపు దారంతా జనం, పిల్లలు, నెత్తిన మూటలు. బేబీరాణి కాళ్లు కూడా మెట్ల వైపే లాగాయి. రెండు మెట్లు దిగింది కూడా. మళ్లీ ఎక్కి మిషను ముందు నిలబడింది. కూర్చోవడానికి ధైర్యం చాలలేదు, పరిగెత్తాల్సివస్తే ఆలస్యమవుతుందని.

పదిహేడు నిమిషాలకు కబురు వచ్చింది. భూకంపం దూరంగా సముద్రం అడుగున, అండమాన్‌కు సునామీ ప్రమాదం లేదు. ఆమె నాలుగుసార్లు చదివింది. కబురు మీది గంటను తన చేతి గడియారంతో సరిచూసింది. అచ్చు కొట్టి కిందికి పరిగెత్తింది. దుర్గారావు స్కూటరు స్టార్టు చేయడానికి తంటాలు పడుతున్నాడు.

"సార్, ఏమీ లేదంట. సంతకం పెట్టండి, మైకులో చెప్పాలి."

ఆయన కాగితం చూశాడు. "ఇది ఆ మిషను పంపిందేనా? చచ్చిపోయిందని నేనే రాసిచ్చాను కదమ్మా. దాని మాట మీద ఎలా పెట్టను?"

"నాను పెడతాను."

"నీ సంతకం చెల్లదు బేబీ."

"చెల్లకపోతే తరవాత చూద్దాం సార్" అంటూ ఆమె జెట్టీ వైపు నడిచింది. చేపల వేలానికి వాడే మైకు అక్కడ ఉంది. తెలుగులో చెప్పింది, హిందీలో చెప్పింది, మళ్లీ తెలుగులో చెప్పింది. మెట్ట మీద జనం విన్నారు గానీ ఎవరూ కదల్లేదు. ఇన్నాళ్లూ వస్తోందన్న కేకలు విన్న చెవులకు రావడం లేదన్న మాట కొత్తగా ఉంది. అప్పుడు ఆమె మైకు వదలకుండా అక్కడే, నీళ్ల పక్కనే ఒక ట్రే మీద కూర్చుంది. కబురు తప్పయితే ముందు తనే పోతుంది. ఆ మాట పైకి అనలేదు. చూసేవాళ్లకు తెలిసింది.

ముందు నూకన్న దిగాడు. కూతురి పక్కన కూర్చుని బీడీ ముట్టించాడు. తవిటమ్మ కుంటుకుంటూ వచ్చి, "ఒలే, పొయ్యి మీద పులుసు ఎట్టేసినాను" అంటూ ఆగకుండా ఇంటివైపు పోయింది. ఆమె వెనకాల ఒకరూ ఇద్దరూగా వాడంతా దిగింది. సముద్రం తన పని తాను చేసుకుంటోంది.

వారం తిరిగేలోగా దుర్గారావు ఇంకో రిపోర్టు రాశాడు. సునామీలో దెబ్బతిన్న కంప్యూటరును కార్యాలయం స్వయంకృషితో పునరుద్ధరించిందని. ఎవరు పునరుద్ధరించారో రాయలేదు. బేబీరాణి ఆ కాగితం తనే టైపు చేసింది. 'సునామీలో' అన్న ముక్క తీసేసి 'పాత కంపైలరు కారణంగా ఆగిపోయిన' అని మార్చింది. దుర్గారావు చదవకుండా సంతకం పెట్టాడు. పైన ఎక్కడో ఒక ఆఫీసరు మాత్రం చదివి, కంపైలరు అంటే ఎవరు, ఆయన మీద ఏ చర్య తీసుకున్నారు అని అడుగుతూ జవాబు రాశాడు.

ఆ ప్రశ్నకు ఆఫీసు ఇంకా సమాధానం పంపలేదు. మిషను 2011 దాకా నడిచింది. ఒక మామూలు మధ్యాహ్నం, భూకంపమూ కరెంటు కోతా ఏమీ లేకుండా డిస్కు ఆగిపోయింది. అప్పటికి ఆఫీసుకు కబుర్లు పట్టే కొత్త సరంజామా వచ్చేసింది. బేబీరాణి ప్లగ్గు పీకి, పైన గుడ్డ కప్పి, ఒక పూట సెలవు పెట్టింది. ఇంటికి వెళ్లి, అమ్మ వండిన చేపల పులుసుతో అన్నం తిని, సాయంత్రం దాకా ఒళ్లు తెలియకుండా నిద్రపోయింది.